పొగల అఖాతము

ఐస్లాండు రాజధాని పేరు రేక్యావిక్. ఆ దేశభాషలో దీనికి 'పొగల అఖాతము' అని అర్థము. తొమ్మిదవ శతాబ్దమున నార్వే నుండి వచ్చి అచట దిగిన వలసదారులు నేలలోనుండి ఎగయుచున్న తెల్లని ఆవిరిని చూచి ఈ పేరు పెట్టిరని చెప్పుదురు. అది పొగ కాదు, వేడినీటి బుగ్గల ఆవిరి. విచిత్రమేమనగా, వేయి సంవత్సరముల పిమ్మట ఆ పట్టణమును నిజమైన పొగయే కమ్మినది. కాళ్లక్రింద వేడినీరు ఉండగా ప్రజలు విదేశపు బొగ్గును ఓడలపై తెప్పించుకొని ఇండ్లలో కాల్చుకొనుచుండిరి.

ఇట్లేల జరిగినదని పాఠకులు అడుగవచ్చును. తెలియక కాదు. పట్టణపు స్త్రీలు బట్టల మూటలు మోసికొని ఆ బుగ్గల యొద్దకు ఉతుకుటకు పోవుట చిరకాలపు అలవాటు. కాని ఆ వేడిని ఇంటికి తెచ్చుటకు బోరు కావలెను, గొట్టములు కావలెను. ఆ ధనమంతయు మొదటనే కుమ్మరింపవలెను. బొగ్గయినచో ఏ వారమునకు కావలసినది ఆ వారము కొనుక్కొనవచ్చును. మా దృష్టిలో ఈ చరిత్రయంతయు ఆ ఒక్క వ్యత్యాసము చుట్టునే తిరిగినది.

1908 ప్రాంతమున ఒక రైతు బుగ్గనీటిని గొట్టముతో తన ఇంటికి తెచ్చుకొనెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున బొగ్గు కరవై ధర మండిపోవుటతో పట్టణమువారును ఆలోచనలో పడిరి. 1930 లో 3 కిలోమీటర్ల గొట్టము వేసి ఒక పాఠశాలకు, ఆసుపత్రికి, ఈతకొలనునకు, కొన్ని పదుల ఇండ్లకు వేడినీరు ఇచ్చిరి. తరువాత రేకిర్ అను చోటి నుండి సుమారు 18 కిలోమీటర్ల గొట్టము తలపెట్టిరి. రెండవ ప్రపంచయుద్ధము అడ్డుపడి సామగ్రి రాక పని సాగినది. 1943 లో గాని నీరు పట్టణము చేరలేదు. 1945 చివరకు 2,850 ఇండ్లకు ఆ నీరు అందెను.

రాజధాని సంగతి ఇది. తక్కిన ఊళ్లవారి కంత భాగ్యము పట్టలేదు. యుద్ధానంతరము చమురు చౌకయైనది. బొగ్గుపొయ్యి స్థానమున చమురుపొయ్యి వచ్చినది. 1970 తరువాత కూడ దేశప్రజలలో సగముమంది చలి కాచుకొనుచుండినది చమురుతోనే. 1973 లో అరబ్బు-ఇజ్రాయేలు యుద్ధము వచ్చి ముడిచమురు ధర కొద్ది నెలలలో నాలుగింతలయ్యెను. చలిదేశమున ఇంటిలోని వెచ్చదనము విలాసము కాదు గదా! చమురుతో కాచుకొను కుటుంబములకు ప్రభుత్వము సహాయధనము ఇయ్యవలసివచ్చినది.

అప్పుడు అక్కరకు వచ్చినది 1967 లో ఏర్పరచిన శక్తినిధి. బోరు వేయదలచిన పురపాలక సంఘమునకు ఆ నిధి అప్పు ఇచ్చును. వేడినీరు పడినచో సంఘము అప్పు తీర్చవలెను. పడకపోయినచో ఆ అప్పు రద్దగును. రాయలసీమ మెట్టరైతునకు ఇందలి మహిమ వేరుగా చెప్పనక్కరలేదు. బోరు పడక అప్పు మాత్రము మిగిలిన ఇంటి సంగతి అతడెరుగును. అచట ఆ నష్టమును ఒక ఊరు గాక దేశమంతయు పంచుకొనెను. చిన్న చిన్న రేవుపట్టణములు సయితము ధైర్యముచేసి త్రవ్వించినవి. యంత్రవిద్య కంటె ఈ లెక్కల ఏర్పాటే ఆ దేశమును గట్టెక్కించినదని మేము తలంతుము.

నష్టము వట్టిమాట కాదు. 1975 లో క్రాఫ్లా యొద్ద భూమి ఆవిరితో విద్యుత్తు తీయుటకు 60 మెగావాట్ల కేంద్రమును కట్టుచుండగా, ఆ ఏటి డిసెంబరులోనే చెంతనున్న అగ్నిపర్వతము మేలుకొన్నది. 1984 వరకు తొమ్మిదిమారులు లావా వెలిగ్రక్కినది. అగ్నిపర్వతపు వాయువులు చొచ్చి బావులు చెడిపోయినవి. రెండు యంత్రములలో రెండవది 1990ల చివరి వరకు పని చేయనేలేదు. ఆ భారమును ఏ ఒక్క గ్రామము మోసియున్నను నలిగిపోయెడిది.

జలవిద్యుత్తు కథ వేరు. ఇంత చిన్న జనాభా పెద్ద ఆనకట్టకు అప్పు తీర్చగలదా అని ఋణదాతలకు సందేహము. అందుచేత 1966 లో ఒక స్విస్ అల్యూమినియం సంస్థతో దీర్ఘకాలపు ఒప్పందము చేసికొని, ఆ పూచీమీద ప్రపంచబ్యాంకు అప్పు పొంది, బూర్‌ఫెల్ విద్యుత్కేంద్రమును కట్టిరి. 1969 లో అది పనిచేయ నారంభించినది. లెక్క కుదిరినది గాని, దానికి మూల్యము లేకపోలేదు. నేడు ఆ దేశపు విద్యుత్తులో సగమునకు మించి అల్యూమినియం కర్మాగారములకే పోవుచున్నది. 2007 లో విద్యుత్తు నీయ నారంభించిన 690 మెగావాట్ల కారాహ్న్యూకర్ కేంద్రము కొరకు ఎత్తుభూములను ముంచివేయగా ప్రజలలో తీవ్రమైన ఆందోళన చెలరేగినది. ఆ ఆక్షేపణ నిరాధారమని మేము అనజాలము.

ఇప్పుడు ఐస్లాండు ఇండ్లలో పదింట తొమ్మిదింటికి భూగర్భపు వేడియే ఆధారము. విద్యుత్తు దాదాపు అంతయు నీటినుండి, నేలవేడినుండి పుట్టుచున్నది. వేడినీరు పడని ప్రాంతముల వారు విద్యుత్తుతో కాచుకొందురు. వారి ఖర్చులో కొంత ప్రభుత్వము భరించుచున్నది. చేపల పడవలు మాత్రము ఇంకను చమురుతోనే నడచుచున్నవి. వేడినీటి గొట్టము సముద్రము మీదికి పోజాలదు గనుక, ఆ చమురును నేటికిని ఓడలపైననే తెప్పించుకొనుచున్నారు.