రూల్సులో లేని ఆడవాళ్ళు

1902లో లండన్‌లో జరిగిన ఐస్ స్కేటింగ్ ప్రపంచ పోటీలకి మాడ్జ్ సయర్స్ అనే ఆవిడ పేరిచ్చింది. అప్పటిదాకా ఆడినవాళ్ళంతా మగాళ్ళే. రూల్సు తిరగేస్తే ఆడవాళ్ళు రాకూడదని ఎక్కడా లేదు! అసలెవరికీ ఆ ఊహే రాలేదన్నమాట. ఆవిడ ఏకంగా రెండో స్థానం కొట్టేసింది. 1903లో సంఘం వాళ్ళు ఏం చేశారో మనవాళ్ళు ఇట్టే ఊహించగలరు: దీన్నో బగ్ అనుకుని, ఆడవాళ్ళకి ప్రవేశం లేదని ప్యాచ్ వేశారు. 1906లో విడిగా పోటీ పెట్టారు, 1908లో ఒలింపిక్స్‌లో చేర్చారు. రెండూ ఆవిడే గెలిచింది.

మంచు మొహం చూడని మన సిక్కోలుకి దీంతో ఏం పని అంటారా? ఉంది. బరువులెత్తే పోటీ 1896 తొలి ఒలింపిక్స్‌లోనే ఉంది. ఆడవాళ్ళకి తలుపు తీసింది మాత్రం 2000లో, సిడ్నీలో! ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 1994, 1995లలో ప్రపంచ విజేత. 1996 అట్లాంటాలో ఆమెకి పోటీయే లేదు. సిడ్నీలో 240 కిలోలెత్తి కంచు తెచ్చింది, బంగారానికి తేడా 2.5 కిలోలు. మన దేశపు ఆడవాళ్ళకి అదే తొలి ఒలింపిక్ పతకం.

కంచేనా అని పెదవి విరిచేవాళ్ళు అట్లాంటా సంగతి కూడా లెక్కలో వేసుకోవాలని నా ఉద్దేశం. మీరేమంటారు?