ముక్కలు విడిపోకుండా

ఏదైనా కొత్త వస్తువు తెగ నచ్చేస్తే ఇంగ్లీషువాళ్ళు 'ద గ్రేటెస్ట్ థింగ్ సిన్స్ స్లైస్డ్ బ్రెడ్' అంటారు. ముక్కలు కోసిన బ్రెడ్డు వచ్చాక మళ్ళీ ఇంత గొప్పది ఇదేనని. తిండి మీద పుట్టిన ఇంగ్లీషు నానుళ్ళలో చాలావాటి పుట్టుక ఎక్కడో తేలదు. దీనికి మాత్రం ఒక ఊరుంది, ఒక తేదీ ఉంది, ఏళ్ళ తరబడి పట్టు వదలని ఒక మనిషున్నాడు.

ఆయన ఆటో ఫ్రెడరిక్ రోవెడర్. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో పుట్టాడు. మిస్సోరీలోని సెయింట్ జోసెఫ్‌లో నగల వ్యాపారం చేసేవాడు. రొట్టెను ముక్కలుగా కోసే యంత్రం తయారుచేయాలన్న ఆలోచన పట్టుకుంది. దుకాణాలు అమ్మేసి, డబ్బంతా అందులో పెట్టాడు. 1917లో, యంత్రం తయారవుతున్న ఇల్లినాయ్‌లోని ఫ్యాక్టరీలో మంటలు లేచి, నమూనాతోపాటు గీసుకున్న పటాలూ కాలిపోయాయి. మళ్ళీ డబ్బు కూడగట్టి, యంత్రాన్ని నిలబెట్టేసరికి పదేళ్ళు గడిచాయి.

అసలు చిక్కు కోయడంలో లేదు. వరసగా బ్లేళ్ళు బిగిస్తే రొట్టె తెగుతుంది. తెగిన మరుక్షణం ప్రతి ముక్కకూ రెండువైపులా గాలి తగులుతుంది. పూట గడిచేసరికి అంచులు బిరుసెక్కుతాయి. కోసిన రొట్టె ఎవరు కొంటారని బేకరీల వాళ్ళు అడిగింది అందుకే. ముక్కల్ని దగ్గరగా పట్టి ఉంచడానికి రోవెడర్ మొదట పిన్నులు గుచ్చి చూశాడు. అవి ఊడి వచ్చేసేవి. చివరికి కోసీకోయగానే, ముక్కలు ఇంకా ఒకదానికొకటి ఆనుకుని ఉండగానే, మైనం కాగితంలో బిగించి చుట్టేస్తే సరిపోతుందని తేల్చుకున్నాడు. నన్నడిగితే ఆయన కనిపెట్టిన అసలు సంగతి ఇదే. కత్తి అందరింటా ఉన్నదే, కోసినా కోయనట్టే ఉంచడం ఎవరికీ చేతకాలేదు.

పెద్ద బేకరీలేవీ ముందుకు రాలేదు. మిస్సోరీలోని చిల్లికాథీ అనే చిన్న ఊళ్ళో బేకరీ నడుపుతున్న స్నేహితుడు ఫ్రాంక్ బెంచ్ ఒప్పుకున్నాడు. ఆయన వ్యాపారం అప్పటికే దివాలా అంచున ఉంది. 1928 జులై 7న కోసిన బ్రెడ్డు మొదటిసారి అమ్మకానికి వచ్చింది. బ్రెడ్డుకు కాగితం చుట్టడం మొదలయ్యాక ఈ రంగంలో ఇంత పెద్ద ముందడుగు పడలేదని ప్రకటన వేశారు. నానుడి మూస అప్పుడే తయారైందన్నమాట, కొలబద్ద ఒక్కటే మారాలి. బెంచ్ వ్యాపారం పుంజుకుంది. సెయింట్ లూయిస్‌లో గుస్తావ్ పేపెండిక్ అనే ఆయన ముక్కలు కదలకుండా అట్టపళ్ళేలు జోడించి పద్ధతిని ఇంకా మెరుగుపరిచాడు. 1930లో వండర్ బ్రెడ్ అనే బ్రాండు దేశమంతా కోసిన రొట్టెలు అమ్మింది. అప్పటికే ఇళ్ళకు చేరిన టోస్టర్లకు ఒకే మందంలో వచ్చే ముక్కలు చక్కగా అమరాయి. ఈలోగా ఆర్థిక మాంద్యం రోవెడర్‌ను దెబ్బతీసింది. యంత్రం హక్కులు వేరే కంపెనీకి అమ్మి, అక్కడే ఉద్యోగంలో చేరాడు.

కోసిన బ్రెడ్డు విలువ జనానికి పూర్తిగా తెలిసింది అది చేజారినప్పుడేనని నాకనిపిస్తుంది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో, 1943 జనవరి 18న, అమెరికా ప్రభుత్వం దాని అమ్మకాన్ని నిషేధించింది. కోసిన రొట్టెకు మరింత మందమైన మైనం కాగితం కావాలి, దాన్ని పొదుపు చేయాలన్నది ఒక కారణం. ఆడవాళ్ళు మండిపడ్డారు. పొద్దున్నే భర్తకు, నలుగురు పిల్లలకు టోస్టులు, సాండ్‌విచ్‌లంటూ హడావుడిలో ఇరవైకి పైగా ముక్కలు కోయాల్సి వస్తోందని ఒక గృహిణి న్యూయార్క్ టైమ్స్‌కు ఉత్తరం రాసింది. మార్చి 8న నిషేధం ఎత్తేశారు. అనుకున్నంత పొదుపు జరగలేదని ఒప్పుకున్నారు.

1950ల నాటికి ఈ నానుడి పత్రికల్లో కనిపిస్తోంది. రోవెడర్ 1960 దాకా బతికే ఉన్నాడు.