కాలి ఆనెకాయకూ ఒక చరిత్ర ఉంది

కాలివేలి మీద లేచే ఆనెకాయను మనం జబ్బుగా లెక్కించం. కొన్నాళ్ళు కుంటుతాం, ఆపైన బ్లేడుతో చెక్కుకుంటాం. శస్త్రచికిత్సకు పేరుపడ్డ సుశ్రుత సంహిత మాత్రం దాన్ని చులకన చేయలేదు. ‘కదరం’ అని పేరు పెట్టి, గులకరాళ్ళూ ముళ్ళూ పాదాన్ని నొప్పించడం వల్ల పుడుతుందని, కోసి తీసి ఆ చోటును కాగిన నూనెతో కాల్చాలని చెప్పింది.

ఐరోపాలో ఈ పని చాలాకాలం ఊరూరా తిరిగే ఆనెలు కోసేవాళ్ళది. ‘కిరోపొడిస్టు’ అన్న గౌరవవాచకం 1785లో లండనులో అచ్చయిన ఒక పుస్తకంతో పుట్టింది. ఆ వృత్తికి దక్కిన యోగ్యతాపత్రాలలో నాకు మిక్కిలి నచ్చినది అబ్రహాం లింకనుది. ఐజకార్ జకరీ తన పాదాలకు చేసిన చికిత్స బాగా ఫలించి హాయినిచ్చిందని 1862 సెప్టెంబరులో ఆయన రాసిచ్చాడు. బానిసల విమోచనకు తొలి ప్రకటన వెలువడిందీ ఆ నెలలోనే. దేశం రెండుగా చీలిన వేళ కూడా కాలినొప్పి నొప్పే కదా!

సుశ్రుతుడు రాతిని తప్పుపట్టాడు, నేటి వైద్యులు ఇరుకు చెప్పును తప్పుపడతారు. గట్టిపడిన చర్మాన్ని నేర్పుగా చెక్కి, సాలిసిలిక్ ఆమ్లంతో మెత్తబరుస్తారు. ఒత్తిడి తొలగకపోతే ఆనె మళ్ళీ లేస్తుంది. మధుమేహంతో స్పర్శ తగ్గిన పాదాన్ని ఇంట్లో చెక్కుకుంటే పుండుపడి కాలికే ముప్పు రావచ్చు. ఆ మందులూ సొంతంగా వాడరాదు. అధ్యక్షుడంతటివాడు పాదాన్ని నేర్పరి చేతికి అప్పగించాడు. మనకు సంకోచమెందుకు?