నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు

పోయిన డిసెంబర్లో ఒక ఆదివారం పొద్దున్నే చార్మినార్ దగ్గర బండి ఆపి, హుస్సేనీ ఆలం మీదుగా శిబ్లీగంజ్ దాకా నడిచాను. ఆ టైముకి లాడ్ బజార్‌లో షట్టర్లు ఇంకా లేవలేదు. నేను చూడాలనుకున్నది జామియా నిజామియా గేటు. 19వ శతాబ్దంలో మొదలై ఇప్పటికీ నడుస్తున్న మదర్సా అది. ఒకప్పుడు అక్కడ చదివిన ఒక కుర్రాడి గురించి కొన్ని నెలలుగా దొరికినవన్నీ చదువుతున్నాను. పేరు ముహమ్మద్ హమీదుల్లా. 1908లో హైదరాబాద్‌లో పుట్టాడు. జర్మనీలో ఒక డాక్టరేటు, ఫ్రాన్స్‌లో ఇంకో డాక్టరేటు చేశాడు. తర్వాత దాదాపు యాభై ఏళ్ళు పారిస్‌లో, లిఫ్టు లేని బిల్డింగులో నాలుగో అంతస్తులో ఒక చిన్న ఇంట్లో ఉన్నాడు.

నన్ను పట్టుకున్నది ఆ డాక్టరేట్లు కాదు, ఆ నాలుగో అంతస్తు. ఎందుకో చెప్పాలంటే ముందు నా సంగతి కొంచెం చెప్పాలి.

2011 ఆగస్టులో ఎంఎస్ చేయడానికి అమెరికా వెళ్ళాను. రెండు సూట్‌కేసులు, ఒక్కోటి 23 కిలోలు. ఒకదాంట్లో సగం ప్రెషర్ కుక్కర్, పప్పులు, నాలుగు కవర్లు చుట్టినా కారిన ఆవకాయ. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంటులో అయిదుగురం, హాల్లో పడుకునేవాడికి అద్దెలో డిస్కౌంటు. మొదటి సెమిస్టర్ మొత్తం ఆ డిస్కౌంటు నాదే. ఏది కొన్నా మనసులో 45తో గుణించుకునేవాణ్ణి. కాఫీ రెండు డాలర్లంటే తొంభై రూపాయలు, వద్దు. ఎక్సెల్ షీటులో ఉల్లిపాయల దగ్గర్నుంచీ రాసేవాళ్ళం. ఒకసారి పాల డబ్బా ఎవరు తాగారన్న లెక్కలో తేడా వచ్చి ఇద్దరు స్నేహితులు వారం రోజులు మాట్లాడుకోలేదు.

2013 మేలో డిగ్రీ చేతికొచ్చింది కానీ ఉద్యోగం రాలేదు. నా వర్క్ పర్మిట్ లెక్కలో 90 రోజులకు మించి ఖాళీగా ఉండకూడదు. ఆగస్టు 28న రూపాయి పడిపోయి డాలరుకి 68 దాటింది. నేను వెళ్ళినప్పుడు 45 పంపితే వచ్చే డాలరుకి నాన్న 68 పంపాలన్నమాట. ఇంటి కాగితాలు పెట్టి తెచ్చిన అప్పు అప్పటికే ఉంది. ఆ రాత్రి ఫోన్లో నాన్న ఏమీ అనలేదు. "అన్నం తిన్నవా?" అని మాత్రం అడిగాడు. చదువుకి పోయినవాడి చరిత్ర అంటే వాడు చదివిన చదువు కాదు, వాడికి డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది, దానికి బదులు వాడు ఎవరికి ఏం బాకీపడ్డాడు అనేదే అసలు చరిత్ర అని నాకు మొదటిసారి అనిపించింది ఆ రాత్రే.

ఆ కళ్ళతో చూస్తే హైదరాబాద్ నుంచి విదేశాలకు చదువుకి వెళ్ళినవాళ్ళ కథ వేరేగా కనిపిస్తుంది.

మన గుణకారం ఒక్కటే. నిజాం కాలం విద్యార్థికి రెండు. హైదరాబాద్ రాజ్యానికి సొంత నాణెం ఉండేది, హాలీ సిక్కా. బ్రిటిష్ ఇండియా రూపాయిని ఇక్కడ కల్దార్ అనేవాళ్ళు. వంద కల్దార్ రూపాయలు కావాలంటే సుమారు 116 హాలీ రూపాయలు ఇచ్చుకోవాలి. 1927 తర్వాత కల్దార్ రూపాయి విలువ ఒకటిన్నర షిల్లింగు, అంటే పౌనుకి 13 రూపాయల చిల్లర. రెండూ కలిపి లెక్కేస్తే ఒక పౌను పదిహేనున్నర హాలీ రూపాయలు. వాడీ జంక్షన్ మీదుగా రైల్లో బొంబాయి చేరేలోపే సంచిలో డబ్బు ఒకసారి కరిగేది. ఓడ దిగి లండన్‌లో అడుగు పెట్టాక ఇంకోసారి.

అందుకే అప్పట్లో సొంత ఆస్తి లేనివాడు సముద్రం దాటాలంటే రాజుగారి దయ కావాలి. అందరికంటే ప్రసిద్ధమైన ఉదాహరణ సరోజినీ నాయుడు. 1895లో, పదహారేళ్ళ వయసులో, మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండ్ వెళ్ళింది. ఓడ ఖర్చులు పోను ఏడాదికి 300 పౌన్లు. నెలకి 25 పౌన్లంటే ఒక విద్యార్థికి ఇబ్బందిపడే డబ్బు కాదు. మొదట లండన్ కింగ్స్ కాలేజీ, తర్వాత కేంబ్రిడ్జ్ గిర్టన్. మూడేళ్ళకు, 1898లో, డిగ్రీ లేకుండానే తిరిగొచ్చింది. ఇవాళ డిగ్రీ లేకుండా తిరిగొస్తే మనింట్లో ఏమంటారో ఊహించుకోండి. ఆమెను బ్యాంకువాళ్ళు అడగలేదు, ఎందుకంటే అది అప్పు కాదు.

ఉస్మానియా యూనివర్సిటీ పుట్టాక ఈ దారి కొంచెం వెడల్పయింది. ఉర్దూ పరిశోధకుడు మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ లండన్‌లో డాక్టరేటు చేసి, పారిస్‌లో ధ్వనిశాస్త్రం చదివి, ఉస్మానియాకే తిరిగొచ్చి పాఠాలు చెప్పాడు. గణితజ్ఞుడు రజియుద్దీన్ సిద్దిఖీ కేంబ్రిడ్జ్, లైప్‌జిగ్‌లలో చదివి తిరిగొచ్చాడు. వెళ్ళు, నేర్చుకో, వచ్చి ఇక్కడ నేర్పు. బాకీ తీర్చే పద్ధతి అది.

ఈ దారి ఎవరికి వెడల్పయింది అనే ప్రశ్న మాత్రం అడగాలి. రాజ్యంలో దాదాపు సగం మంది తెలుగువాళ్ళు. ఉస్మానియాలో బోధన ఉర్దూలో. 1921 నవంబర్లో ఇదే నగరంలో, మూసీ అవతల వివేకవర్ధిని పాఠశాలలో జరిగిన సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. సొంత ఊళ్ళో సభలోనే సొంత భాషలో మాట్లాడలేనివాడికి లండన్ ఇంకెంత దూరం?

రాజు లేనివాళ్ళు ఏం చేశారు? కోస్తా నుంచి యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నాడు కదా. 1922 అక్టోబర్లో బోస్టన్ చేరేటప్పటికి ఆయన వెనక ఏ సంస్థానమూ లేదు. మామగారి సాయం, కాకినాడ సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ అండ, అంతే. హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదువుతూ, ఖర్చులకోసం ఒక ఆస్పత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు శుభ్రం చేశాడు. నేను క్యాంపస్ మెస్సులో ప్లేట్లు కడిగిన రోజుల్లో ఈ సంగతి తెలిసుంటే ఎంత బావుండేది అనుకుంటా. ఆయన మళ్ళీ ఇండియా రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో పోయాడు. అమెరికా పౌరుడూ కాలేదు.

అదే ఏడాది, సుమారు ఒక నెల తర్వాత, హమీదుల్లా కథ తలకిందులైంది.

పాతబస్తీ మదర్సాల అరబ్బీ, ఉస్మానియాలో ఉర్దూలో నేర్చుకున్న న్యాయశాస్త్రం. ఆయన మూలధనం ఈ రెండే. 1933లో బాన్ యూనివర్సిటీలో డాక్టరేటు, ఇస్లామిక్ అంతర్జాతీయ న్యాయంలో తటస్థత అనే విషయం మీద. 1935లో సోర్బాన్‌లో రెండోది, ప్రవక్త కాలపు దౌత్య పత్రాల మీద. ఒకటి జర్మన్‌లో, ఒకటి ఫ్రెంచిలో. రెండింటికీ మధ్య రెండేళ్ళే. తెలుగు మీడియంలో చదివి ఇంజనీరింగ్ మొదటి ఏడాది ఇంగ్లీషు పాఠాలకే బిక్కచచ్చిపోయిన నేను ఆ తేదీలు రెండుసార్లు సరిచూసుకున్నాను. తర్వాత ఆయన తిరిగొచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పాడు. పద్ధతి ప్రకారం బాకీ తీరుస్తున్నాడు.

1948లో హైదరాబాద్ ప్రభుత్వం తన కేసు ఐక్యరాజ్య సమితి ముందు పెట్టడానికి ఒక బృందాన్ని పంపింది. అందులో ఆయన ఉన్నాడు. సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్‌లోకి ప్రవేశించింది. 16న పారిస్‌లో భద్రతా మండలి ఆ కేసు విన్నది. 17న నిజాం లొంగిపోయాడు. అంతర్జాతీయ న్యాయం బోధించిన మనిషి, ఏ రాజ్యం తరఫున వచ్చాడో ఆ రాజ్యం లేకుండా అక్కడ మిగిలిపోయాడు. మళ్ళీ హైదరాబాద్‌లో కాపురం పెట్టలేదు. ఇంకే దేశపు పౌరసత్వమూ తీసుకోలేదు. శరణార్థిగానే ఉండిపోయాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి. మాది నల్లగొండ జిల్లా. నాయనమ్మ బతికున్నప్పుడు చెప్పేది, "రజాకార్లొస్తున్రంటే పిల్లల్ని సంకనేసుకొని జొన్నచేన్లకు ఉరికేటోళ్ళం" అని. ఆ రాజ్యం పోయినందుకు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు, నేనూ ఏడవను. ఆ సెప్టెంబర్ తర్వాత మరాఠ్వాడాలో, ఇంకా కొన్ని జిల్లాల్లో ఎందరో ముస్లింలు చనిపోయారనీ, సుందర్‌లాల్ కమిటీ ఆ సంగతి రాస్తే అది దశాబ్దాలు బయటికి రాలేదనీ పెద్దయ్యాక గానీ తెలియలేదు. ఈ రెండు నిజాల్లో ఒకదానితో రెండోదాన్ని కొట్టేయడం నాకు చేతకాదు. రాజ్యం పోవాల్సిందే అనుకుంటూనే, దానితోపాటు ఇల్లు పోగొట్టుకున్న ఒక స్కాలర్‌ని చూసి బాధపడొచ్చు. నా 90 రోజుల గడువులో నేనెంత భయపడ్డా, ఓడిపోతే టికెట్ కొనుక్కుని వచ్చి పడుకోవడానికి నాకు ఒక ఇల్లు, ఒక దేశం ఉన్నాయి. ఆయన భయానికి ఆ అడుగు లేదు.

పారిస్‌లో ఆయన ఉన్నది ర్యూ ద తుర్నోన్ అనే వీధిలో. లక్సెంబర్గ్ తోట పక్కనే. పెళ్ళి చేసుకోలేదు. 1954 నుంచి 1978 దాకా ఫ్రాన్స్ జాతీయ పరిశోధన సంస్థలో పనిచేశాడు, ఇస్తాంబుల్ వెళ్ళి పాఠాలు చెప్పేవాడు. 1959లో ఖురాన్‌ని ఫ్రెంచిలోకి అనువదించాడు. 1985లో పాకిస్తాన్ పెద్ద పురస్కారం ఇస్తే ఆ డబ్బు అక్కడి పరిశోధన సంస్థకే ఇచ్చేశాడు. ఇంత సంపాదించే అవకాశం ఉన్న మనిషి, పుస్తకాలు నిండిన ఆ చిన్న ఇంట్లో, మెట్లెక్కి దిగుతూ, విద్యార్థిలాగే ఉండిపోయాడు.

మనకి పొదుపు అంటే ఒక దశ. ఇంకో రెండేళ్ళు హాల్లో పడుకుంటే, తర్వాత కారు, తర్వాత ఇల్లు. అప్పు తీరేదాకా ఉగ్గబట్టుకోవడం. ఆయన పొదుపు వెనక అలాంటి తర్వాత ఏదీ లేదు. అది భక్తి అని కొందరు అంటారు, అయ్యుండొచ్చు. నాకు మాత్రం ఇంకోటి కూడా తోస్తుంది. ఎవరికీ బాకీపడకుండా బతకాలంటే అవసరాలు ఒక సూట్‌కేసుకి తగ్గించుకోవాలి. ఒకసారి రాజ్యం ఖాతాలో బతికి, ఆ రాజ్యమే మాయమవడం చూసిన మనిషి మళ్ళీ ఎవరి ఖాతాలోనూ చేరలేదు. చివరికి జబ్బుపడి బంధువుల దగ్గరికి అమెరికా వెళ్ళి, 2002 డిసెంబర్ 17న ఫ్లోరిడాలో చనిపోయాడు.

నా అప్పు 2016లో తీరింది. ఆ తర్వాత ఏడాది తిరిగొచ్చేశాను. ఇప్పుడు గచ్చిబౌలిలో పద్నాలుగో అంతస్తులో ఉంటున్నాను, లిఫ్టులు మూడు.

శిబ్లీగంజ్ నుంచి తిరిగొస్తూ టీ తాగడానికి ఒక హోటల్లో కూర్చున్నాను. పక్క టేబుల్ దగ్గర కుర్రాడు ప్లాస్టిక్ ఫోల్డర్లో కాగితాలు సర్దుకుంటున్నాడు. మార్కుల మెమోలు, బ్యాంకు లెటరు. ఆ ఫోల్డర్ని నేనెక్కడున్నా గుర్తుపడతాను. మాట కలిపితే ఐర్లండ్ వెళ్తున్నానన్నాడు, జనవరి ఇన్‌టేక్. నేను అమెరికాలో చదివానని తెలియగానే అడిగిన మొదటి ప్రశ్న: "మహీనే కా కిత్నా లగ్తా, భాయ్?"

నెలకి ఎంతవుతుంది. నాకు తెలిసిన లెక్క చెప్పాను, నాది పాతదనీ, అమెరికాదనీ కూడా చెప్పాను. కుక్కర్ తీసుకెళ్ళమన్నాను. డబ్బు ఎవరు పెడుతున్నారని అడిగితే, దుబాయ్‌లో ఉన్న అన్న అన్నాడు. కొంచెం సేపు ఊరుకుని, "వాపస్ దేనా హై," అన్నాడు.

తిరిగివ్వాలి. రెండు టీలకూ నేనే ఇస్తానంటే ఒప్పుకోలేదు. తన టీ డబ్బులు తనే లెక్కపెట్టి బల్ల మీద పెట్టి వెళ్ళాడు.