రైస్ కుక్కర్ : చరిత్ర

కొలిచి పోసిన బియ్యాన్ని, నీళ్లను కరెంటు వేడితో అన్నంగా వండి, ఉడకగానే తనంతట తాను ఆగిపోయే వంటపాత్ర. ఇంటి చాకిరీ తగ్గించిన యంత్రాలు అనగానే ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ముందు గుర్తుకొస్తాయి. కాని పని పూర్తయిందో లేదో తానే పసిగట్టి ఆగే గుణాన్ని మామూలు కుటుంబాల వంటింట్లోకి తెచ్చిన తొలి సాధనాలలో రైస్ కుక్కర్‌కు ముఖ్యస్థానం ఉంది. 1955 డిసెంబరు 10న జపాన్‌లో తోషిబా కంపెనీ అమ్మకానికి పెట్టిన ఈఆర్-4 ఈ వర్గంలో నెగ్గుకొచ్చిన మొదటి యంత్రం.

పూర్వరంగం

ఆసియాలో వేల ఏళ్లుగా అన్నం కుండలోనే ఉడికింది. వంట మనిషి కన్ను, చెయ్యి తప్ప వేరే కొలమానం లేదు. తెలుగునాట రెండు పద్ధతులు స్థిరపడ్డాయి. ఎసరు ఎక్కువ పెట్టి, మెతుకు పట్టి చూసి, గంజి వార్చడం ఒకటి. అత్తెసరు పెట్టి, నీళ్లన్నీ ఇగిరేదాకా సన్నసెగ మీద మగ్గనివ్వడం రెండోది. రెండో పద్ధతిలో సారం గంజిలో పోదు, కాని కాస్త ఏమరితే అడుగంటుతుంది.

జపాన్ వారి వంట ఈ అత్తెసరుకు దగ్గరిది. కమడో అనే పొయ్యి మీద, చుట్టూ అంచు ఉన్న హగమ అనే లోతైన పాత్ర పెట్టి, పైన బరువైన చెక్కమూత వేసేవారు. మొదట చిన్న మంట, మధ్యలో పెద్ద మంట, చివర నిప్పు తీసేసి ఆవిరి మీద మగ్గబెట్టడం. పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా సరే మూత మాత్రం తీయవద్దని పెద్దలు కొత్త కోడళ్లకు చెప్పేవారు. పొద్దుటి భోజనానికి వేడి అన్నం కావాలంటే ఇల్లాలు చీకటితోనే లేచి పొయ్యి రాజేయాలి, అన్నం దిగేదాకా అక్కడినుంచి కదలకూడదు.

విద్యుత్తుతో తొలి ప్రయత్నాలు

కరెంటుతో అన్నం వండే పని ముందు సైన్యంలో మొదలైంది. 1937 నాటి జపాన్ సైనిక వంట వాహనంలో చెక్కపెట్టెకు రెండువైపులా లోహపు పలకలు బిగించి, తడిబియ్యం గుండానే కరెంటు పంపేవారు. నీళ్లు ఇంకేకొద్దీ కరెంటు ప్రవాహం తగ్గిపోయేది కనుక వంట దాదాపు దానంతట అదే ఆగేది. ఉపాయం తెలివైనదే. షాక్ కొట్టే ప్రమాదం వల్ల ఇళ్లకు పనికిరాలేదు.

యుద్ధం ముగిసిన 1945లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ సంస్థ అల్యూమినియం పాత్రకు హీటరు తీగ అమర్చి అమ్మింది. దానికి ఆగడం తెలియదు. మనిషి పక్కన నిలబడి స్విచ్చి తీయాల్సిందే. అంటే కట్టెలు పోయి కరెంటు వచ్చింది గాని కాపలా పోలేదు. ఇంచుమించు అదే సమయంలో మసారు ఇబుకా, బూడిదైన టోక్యో నగరంలో తాను పెట్టిన చిన్న సంస్థలో, చెక్కతొట్టి అడుగున అల్యూమినియం పలకలు అమర్చి ఒక కుక్కర్ చేశాడు. బియ్యం రకాన్ని బట్టి, పోసిన నీటిని బట్టి ఒకసారి పలుకు, ఒకసారి ముద్ద. అది బజారుకు రానేలేదు. ఆ సంస్థే తర్వాత సోనీ అయింది. తన తొలి వైఫల్యంగా ఆ తొట్టిని సోనీ నేటికీ దాచుకోకుండా చెప్పుకుంటుంది.

ఈఆర్-4

తోషిబాలో వాషింగ్ మెషీన్ల అమ్మకాలు చూసే షోగో యమదా ఊరూరా ప్రదర్శనలిస్తూ గృహిణులను ఒక ప్రశ్న అడిగేవాడు: ఇంటిపనుల్లో మీకు కష్టమైనదేది? బట్టలు ఉతకడం అంటారనుకుంటే, పూటపూటా అన్నం వండడమే కష్టమని ఎక్కువమంది చెప్పారు. అలా మొదలైన ఆలోచనకు కంపెనీలోనే ఎదురుగాలి వీచింది. నిద్రపోతూ అన్నం వండుకోవాలనుకునే ఆడది ఇల్లాలెలా అవుతుందని వాదించిన పెద్దమనుషులున్నారు.

యమదా ఈ పనిని టోక్యోలోని ఓటా వార్డులో కొషిన్‌షా అనే చిన్న కర్మాగారం నడిపే యోషితదా మినామికి అప్పగించాడు. మినామి అంతవరకు తోషిబాకు వాటర్ హీటర్లు చేసిపెట్టేవాడు, ఆ ఆర్డర్లు తగ్గి అప్పటికే ఇబ్బందుల్లో ఉన్నాడు. ఇల్లు, కర్మాగారం తాకట్టు పెట్టి ఈ పనికి దిగాడు. అన్నం సంగతి ఆయనకు తెలియదు. తెలిసిన మనిషి భార్య ఫుమికో. ఆమె ఆరుగురు పిల్లల తల్లి. కట్టెపొయ్యి మీద, గ్యాసు మీద, తర్వాత నమూనా యంత్రాల మీద రోజంతా అన్నం వండుతూ, థర్మామీటరు చూస్తూ, నిమిషనిమిషానికీ లెక్క రాసింది. ఎండలోనూ వండింది, గడ్డకట్టే చలిలోనూ వండింది. కుక్కర్ చరిత్రలో ప్రయోగశాల అనదగ్గది ఏదైనా ఉంటే అది ఆమె వంటిల్లే.

ఆ లెక్కల్లోంచి తేలింది ఇది. నీరు మరిగాక సుమారు 98 డిగ్రీల వేడిలో 20 నిమిషాలు ఉంటే బియ్యంలోని పిండిపదార్థం పూర్తిగా మారి, మెతుకు లోపలి పలుకు పోతుంది. అంతకు తగ్గితే పచ్చి, మించితే మాడు. కాబట్టి యంత్రం చేయాల్సిందల్లా మరుగు పట్టాక ఇరవై నిమిషాలకు ఆగడం. గడియారంతో ఇది సాధ్యం కాదు. బియ్యం ఎంత పోశారు, నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి మరుగు పట్టే సమయమే మారిపోతుంది.

మినామి దీనికి నీటినే గడియారంగా వాడుకున్నాడు. లోపలి గిన్నెలో బియ్యం, నీళ్లు. దాని చుట్టూ ఉన్న బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు, ఆవిరై పోవడానికి సుమారు ఇరవై నిమిషాలు పట్టేటన్ని. ఆ నీళ్లు ఉన్నంతసేపు బయటి గిన్నె వేడి 100 డిగ్రీలు దాటదు. అవి ఇగిరిన మరుక్షణం వేడి పెరుగుతుంది. రెండు లోహాలు అతికించిన పట్టీ ఆ వేడికి వంగి కరెంటు తెంపుతుంది. సూత్రం కుదిరినా చలికాలంలో పట్టీ మోసం చేసింది, బయటి చలి పాత్రకు తగిలి లెక్క తప్పేది. అతిశీతల ప్రాంతమైన హొక్కైడోలో పాత్రకు బయటి గాలి సోకకుండా కప్పి వండుతారన్న సంగతి అప్పుడు అక్కరకు వచ్చింది. పాత్రకు మూడో పొర తొడిగి, పొరల మధ్య గాలిని తొడుగుగా నిలపడంతో సమస్య తీరింది.

ఈఆర్-4 మొదటి విడతలో 700 మాత్రమే తయారయ్యాయి. ధర 3,200 యెన్లు. అప్పుడే ఉద్యోగంలో చేరిన పట్టభద్రుడి నెల జీతంలో ఇది మూడోవంతు. దుకాణాలు అనుమానంగా చూశాయి. యమదా విద్యుత్ సంస్థలను తోడు తీసుకుని పల్లెలకు వెళ్లి, జనం ముందే బియ్యం పోసి, స్విచ్చి వేసి, కబుర్లు చెబుతూ కూర్చునేవాడు. విడిగా అమ్మే టైమర్ తగిలిస్తే రాత్రి బియ్యం పోసి పడుకున్నా పొద్దున్నే అన్నం సిద్ధంగా ఉండేది. నాలుగేళ్లలో దేశంలో సగం ఇళ్లకు రైస్ కుక్కర్ చేరిందనీ, నెలకు రెండు లక్షలు తయారయ్యాయనీ తోషిబా చెబుతుంది. ఫుమికో మాత్రం ఆ విజయాన్ని ఎక్కువకాలం చూడలేదు, కొన్నేళ్లకే కన్నుమూసింది. చాలా కాలం కంపెనీ చరిత్రలకు బయటే ఉండిపోయిన ఈ కుటుంబ కథను ఎన్‌హెచ్‌కే టెలివిజన్ ‘ప్రాజెక్ట్ ఎక్స్’ ధారావాహికలో దేశమంతా చూసింది.

అయస్కాంతపు మీట

బయటి గిన్నెలో నీళ్లు పోసే పద్ధతి నమ్మకమైనదే గాని వంట ఆలస్యం, కరెంటు ఖర్చు. 1956లో పోటీకి దిగిన మత్సుషితా కంపెనీ (నేటి పానసోనిక్) గిన్నె అడుగునే నేరుగా వేడిచేసే దారి పట్టింది. చివరకు ప్రపంచమంతా నిలిచింది ఈ ఒంటిగిన్నె పద్ధతే.

నేటి చవకరకం కుక్కర్‌లో గిన్నె పైకి తీస్తే హీటరు పళ్లెం నడుమ స్ప్రింగు మీద ఆడే గుండ్రటి బిళ్ల కనిపిస్తుంది. దాని లోపల ఒక ఫెర్రైట్ ముక్క, కింద ఒక అయస్కాంతం ఉంటాయి. మీట నొక్కితే రెండూ అతుక్కుని కరెంటు పారుతుంది. గిన్నెలో నీళ్లున్నంతసేపు అడుగు వేడి నూరు డిగ్రీల దగ్గరే నిలుస్తుంది. నీళ్లు ఇంకగానే అది పైకి పాకుతుంది. 103 డిగ్రీల ప్రాంతంలో ఫెర్రైట్ అయస్కాంతానికి అంటుకునే గుణం కోల్పోతుంది, స్ప్రింగు దాన్ని విడదీస్తుంది, మీట టక్కున పైకి లేస్తుంది. వేడికి అయస్కాంత గుణం నశించే తీరును పియరీ క్యూరీ 1895లో పరిశోధించి చెప్పాడు. అది అన్నం వండడానికి పనికొస్తుందని ఆయన ఊహించి ఉండడు. చిప్పు లేదు, ప్రోగ్రాము లేదు. బిళ్లకూ గిన్నెకూ మధ్య ఎండిన మెతుకు ఒకటి ఇరుక్కుంటే మాత్రం వేడి సరిగా అందక మీట ఆలస్యంగా లేస్తుంది, అడుగు మాడుతుంది. కుక్కర్ పాడైందని షాపుకు తీసుకెళ్లే ముందు బిళ్లను పొడిగుడ్డతో తుడిచి చూడడం మంచిది.

తర్వాతి దశలు

1960 ప్రాంతం నుంచి విలియం మాంగ్ అనే వ్యాపారి ద్వారా మత్సుషితా కుక్కర్లు హాంకాంగ్‌కు చేరాయి, అక్కడినుంచి వలస వెళ్లిన చైనీయుల సామానుతో దేశదేశాలకు పాకాయి. 1972లో వండి, వేడిగా నిలిపే పాత్ర వచ్చింది. 1979లో మైక్రోకంప్యూటర్, 1988లో ఇండక్షన్ వేడి చేరాయి. 2016లో చైనా సంస్థ షియోమీ ఫోన్ నుంచి నడిపే కుక్కర్ తెచ్చింది. బియ్యం కడిగి పోసే పని మాత్రం నేటికీ మనిషిదే.

భారతదేశం, తెలుగువారు

మన దేశంలో ముందు పాతుకుపోయింది ప్రెషర్ కుక్కర్. ప్రెస్టీజ్, హాకిన్స్ రెండూ 1959లోనే తయారీ మొదలుపెట్టాయి. అది వంట వేగం పెంచింది గాని విజిల్స్ లెక్కపెట్టే పని ఇంట్లోవాళ్లకే మిగిల్చింది. ఎన్ని విజిల్స్ వచ్చాయన్న తగవు ఇప్పటికీ తీరలేదు. రైస్ కుక్కర్ల తయారీ కోసం 1988లో మద్రాసు కేంద్రంగా ఇండో మత్సుషితా అప్లయన్సెస్ ఏర్పడింది. తర్వాతి దశాబ్దాలలో దక్షిణాదిలో, ముఖ్యంగా మూడు పూటలా అన్నం తినే ఇళ్లలో, ఈ పాత్ర మామూలు సామాను అయిపోయింది.

కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు. ఇది జపాన్ వారి ‘గో’ అనే బియ్యపు కొలత. పది గోలు ఒక ‘షో’, అంటే 1.8 లీటర్లు, మన షాపుల్లో 1.8 లీటర్ల కుక్కర్ కనబడడానికి కారణం అదే. సోల, తవ్వ మరిచిపోయిన వంటిళ్లలో ఈ పరదేశపు కొలత చప్పుడు లేకుండా స్థిరపడింది. అయితే పొట్టి గింజ జపాన్ బియ్యానికి రాసిన నీళ్ల గీతలు మన బియ్యానికి సరిపోవు. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం విడుదల చేసిన సాంబ మసూరి (బీపీటీ 5204) వంటి సన్నరకాలలో కొత్తబియ్యం తక్కువ నీటికే ముద్దవుతుంది, పాతబియ్యం ఎక్కువ తాగుతుంది. యంత్రానికి ఈ తేడా తెలియదు; నీళ్లు ఇంకిందే దానికి గుర్తు. పాళ్లు చూసి పోసే నేర్పు వండేవారి చేతిలోనే ఉంది.

కరెంటు కోతల వల్ల సగం ఉడికిన అన్నం ఈ పాత్రకు మన ప్రాంతంలో చెడ్డపేరు తెచ్చిన రోజులున్నాయి. ఒంటరిగా ఉండే ఉద్యోగులకు, పోటీ పరీక్షలకు చదివే కుర్రవాళ్లకు మాత్రం ఒకే ప్లగ్గుతో అన్నం, కిచిడీ, ఉడికించిన గుడ్లు అన్నీ చేసిపెట్టిందీ ఇదే. పై చదువులకు అమెరికా వెళ్లేవారు ఇక్కడి కుక్కర్‌ను పెట్టెలో సర్దుకుంటే ఫలితం ఉండదు. 230 వోల్టులకు చేసిన హీటరు అక్కడి 120 వోల్టుల మీద నాలుగోవంతు కంటే కొంచెం ఎక్కువ వేడినే ఇస్తుంది, ఎసరు మరిగేసరికి ఆకలి చచ్చిపోతుంది. అక్కడి కుక్కర్‌ను ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెడితే హీటరు మాడిపోతుంది.