కాలిగులా నాణెంపై ముగ్గురు చెల్లెళ్ళు: ఇత్తడిలో వారసత్వ వాదం

సా.శ. 37–38లో రోమ్ టంకశాల విడుదల చేసిన కాలిగులా సెస్టర్షియస్‌ వెనుకవైపు ముగ్గురు స్త్రీలు వరుసగా నిలబడి కనిపిస్తారు. చుట్టూ అగ్రిప్పీనా, ద్రుసిల్లా, జూలియా అని పేర్లున్నాయి. ముగ్గురూ చక్రవర్తి చెల్లెళ్ళు. స్తంభానికి ఆనుకున్న అగ్రిప్పీనాలో భద్రతాదేవి సెక్యూరిటాస్, అర్ఘ్యపాత్ర పట్టిన ద్రుసిల్లాలో సామరస్యదేవత కంకార్డియా, చుక్కాని పట్టిన జూలియాలో భాగ్యదేవత ఫార్చూనా కలిసిపోయారు. ముగ్గురి చేతుల్లోనూ ఫలాలు నిండిన సమృద్ధి కొమ్ములున్నాయి. సా.శ. 22–23లో ముందటి చక్రవర్తి టైబీరియస్ వేయించిన ‘సాలస్ అగస్టా’ నాణెంపై ముఖం అతని తల్లి లివియాదేనని చాలామంది అంటారు కానీ, అక్కడ ఆమె పేరు లేదు. ఇక్కడ ఆ దాపరికం లేదు.

వీటిని కంచు నాణేలనడం వాడుక. నిజానికి సెస్టర్షియస్ లోహం రాగి, తుత్తునాగం కలిసిన ఇత్తడి. ఇది మరీ చిల్లర కూడా కాదు. అప్పటి సైనికుడి ఏడాది జీతం 225 దెనారియస్‌లు, అంటే, దెనారియస్‌కు నాలుగు చొప్పున, రోజుకు దాదాపు రెండున్నర సెస్టర్షియస్‌లు.

ఈ బొమ్మను అన్న మురిపెంగా చూసేవారున్నారు. నాకు అందులో వాదం కనిపిస్తుంది. 24 ఏళ్ళకు గద్దెనెక్కిన కాలిగులాకు చెప్పుకోదగ్గ యుద్ధ విజయం లేదు. ఉన్నదల్లా పుట్టుక: తండ్రి జర్మానికస్, ముత్తాత అగస్టస్. అందుకే తల్లి స్మారక రథం సెస్టర్షియస్‌పైకి, గుర్రాలెక్కిన అన్నలు మరో నాణెం డుపాండియస్‌పైకి ఎక్కారు. టైబీరియస్ పాలనలో ప్రవాసంలోనో, ఖైదులోనో కన్నుమూసినవారు వీళ్ళంతా.

కానీ టైబీరియస్ వీలునామా మనవడు గెమెల్లస్‌నూ సహవారసుణ్ణి చేసింది. సెనేట్ దాన్ని రద్దుచేసింది. వీలునామానైతే కొట్టేయవచ్చు, చేతులు మారుతున్న ఇత్తడిని ఏం చేస్తారు? సా.శ. 22–23 నాటి సెస్టర్షియస్‌పై రెండు సమృద్ధి కొమ్ములు ఒకదానిమీదొకటి అడ్డంగా ఉంటాయి. వాటిలోంచి ఇద్దరు కవల శిశువుల తలలు పైకి వస్తాయి. ఆ కవలల్లో బతికి బట్టకట్టినవాడు గెమెల్లసే. అదే విలువ నాణెంపై, అవే కొమ్ములను కాలిగులా తన చెల్లెళ్ళ చేతికిచ్చాడు. సమృద్ధి కొమ్ము రోమన్ కళలో సర్వసాధారణమే కాబట్టి పోలిక ఒక్కటే రుజువు కాదు. అయితే అధికార ప్రమాణాల్లో చెల్లెళ్ళ పేర్లూ చేర్చమన్నాడని చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. దానితో కలిపి చూస్తే నాణెం పాతదానికి జవాబులాగే ఉంది.

పశ్చిమ తీరం దాటి దక్షిణ భారతానికి చేరిన ఆనాటి రోమన్ సొమ్ము ప్రధానంగా వెండి, బంగారం. అందుకే అగస్టస్ మనవలు గేయస్, లూసియస్‌ల వెండి నాణేలు ఇక్కడి నిధుల్లో విరివిగా దొరుకుతాయి. ఈ ఇత్తడి వాదం రోమన్ ప్రజలకు ఉద్దేశించింది.

గెమెల్లస్‌ను కాలిగులా త్వరలోనే చంపించాడు. 38 జూన్‌లో ద్రుసిల్లా మరణించింది. 39లో మిగిలిన ఇద్దరూ కుట్ర నేరంపై ప్రవాసం పోయారు. కాలిగులా పోయాక, 43లో సెనేట్ అతని ముఖమున్న ఇత్తడి, రాగి నాణేలను కరిగించమందని చరిత్రకారుడు కాసియస్ డియో చెబుతాడు. ఆ ఆజ్ఞ అంత గట్టిగా అమలైనట్టు లేదు. అతని పేరులోని మొదటి అక్షరాన్ని చెక్కేసిన నాణేలు కొన్ని ఉన్నాయి. కాలిగులా వేయించిన వెస్టాదేవి రాగి నాణేలు మాత్రం చెక్కుచెదరకుండా నేటికీ సులువుగా దొరుకుతాయి.