తగవు, రాజీ, మధ్యస్థము

ఇద్దరి నడుమ వివాదమును చక్కబెట్టుటకు సంబంధించిన మాటలకు మన భాషలో కొదువ లేదు. కాని వాని చరిత్రను పరికించినచో, కొన్ని తమ పుట్టుకకు దాదాపు విరుద్ధమైన అర్థమునకు జారిపోయినట్లు కనబడును.

‘తగవు’ అను మాటనే చూడుడు. నేడు తగవనగా కలహము. దీని మూలము ‘తగు’ అను ధాతువు. తగినది, యుక్తమైనది, న్యాయమైనది తగవు. ప్రాచీన కావ్యభాషలో ఒక పని తగవు కాదన్నచో అది న్యాయము కాదని భావము. న్యాయము చెప్పువాడు తగవరి. న్యాయము కోరి పెద్దల యొద్దకు పోవుట తగవునకు పోవుట గనుక, అందుకు కారణమైన జగడమునకు కూడ క్రమముగా ఆ పేరే అంటుకొన్నదని తోచుచున్నది. ‘తగవు తీర్చుట’ అను పలుకుబడిలో ఇప్పటికిని ఆ రెండర్థములు పెనవైచుకొనియే యున్నవి. ‘తగాదా’ను దీనికి చుట్టముగా భావించువారు కలరు, అది సరికాదు. తగాదా అరబ్బీలో పుట్టి పారసీకము, హిందుస్తానీల మీదుగా వచ్చినది. ‘తకాజా’ దాని పూర్వరూపము. రావలసిన బాకీని పట్టుబట్టి అడుగుట దాని అర్థము. అప్పులవాడు గడపలో నిలిచి అడుగుట ఎట్లు ముగియునో ఎఱిగినవారికి, ఆ మాట జగడముగా మారుటలో వింత తోపదు.

‘రాజీనామా’ కథ మఱింత విచిత్రమైనది. ‘రాజీ’ యనగా అరబ్బీలో సమ్మతించిన, తృప్తి చెందిన అని అర్థము. ‘నామా’ యనగా పారసీకములో పత్రము. వాది ప్రతివాదులు తమలో తాము సమాధానపడి, ఇది మాకు సమ్మతమే యని వ్రాసియిచ్చు కాగితము రాజీనామా. హిందీ, ఉర్దూ మాటలాడువారు నేటికిని దీనిని ఆ యర్థముననే వాడుదురు. కొలువు విడుచుటను వారు ‘ఇస్తీఫా’ అందురు. పొరుగువానితో రాజీనామా కుదిరినదని హిందీ మిత్రుడు సంతోషముతో చెప్పగా, క్రొత్తగా ఢిల్లీ చేరిన తెలుగు గుమాస్తా ‘అయ్యో పాపము’ అనిన ఆశ్చర్యపడనక్కఱలేదు! పూర్వము బొంబాయి రాజధానిలో, రైతు తన సాగులోని భూమిని వదలుకొనుచు సర్కారునకు వ్రాసియిచ్చు పత్రమునకును రాజీనామా యనియే పేరు. భూమిని సమ్మతితో వదలుకొనుట నుండి ఉద్యోగమును వదలుకొనుటకు ఒక్క అడుగే గదా. మనకును మరాఠీవారికిని ఈ యర్థము ఆ త్రోవనే వచ్చియుండునని నా తలంపు. కలియుటకు వ్రాసిన పత్రము ఇట్లు విడిపోవుటకు వ్రాయు పత్రమైనది.

ఇక నడుమ నిలుచు మనిషి సంగతి. గీత ఆఱవ అధ్యాయములో ఉదాసీనుడు, మధ్యస్థుడు అని ఇరువురు వేర్వేఱుగ పేర్కొనబడిరి. ఏ పక్షమును పట్టనివాడు ఉదాసీనుడనియు, విరోధించిన ఇరువురి మేలును కోరువాడు మధ్యస్థుడనియు శంకరులు తమ భాష్యములో విడదీసిరి. కౌటిల్యుని అర్థశాస్త్రములో మధ్యముడను రాజు కలడు. విజిగీషువునకును శత్రువునకును సరిహద్దున నుండి, వారు కలిసియున్న ఇరువురికిని సాయపడుటకు, విడిపోయిన ఒక్కొక్కరిని అణచుటకు చాలినవాడతడు. శంకరులు చూచినది హితబుద్ధిని, కౌటిల్యుడు చూచినది బలమును.

ఈ భేదము గ్రంథములకే పరిమితము కాదు. 1996 నాటి చట్టము ప్రకారము నియమింపబడిన తీర్పరి యిచ్చు నిర్ణయము కోర్టు డిక్రీ వలె అమలగును. అనగా చట్టమతనికి బలము నిచ్చినది. 2023లో చేయబడిన మీడియేషన్ చట్టములోని మధ్యవర్తికి పరిష్కారమును ఎవరిపైనను రుద్దు అధికారము లేదు. ఒప్పించుటయే అతని పని. చట్టముల హిందీ పేర్లలో మొదటిది ‘మాధ్యస్థమ్’, రెండవది ‘మధ్యకతా’. మన పత్రికలు మాత్రము రెంటికిని ‘మధ్యవర్తిత్వము’ అనియే వ్రాయుచున్నవి.

కేంద్రోద్యోగులకు ఈ తికమక స్వంత విషయము. 1960 జూలైలో ఐదు దినముల సమ్మె జరిగెను. 1966లో జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ ఏర్పడెను. దానిలోని నిర్బంధ ఆర్బిట్రేషన్‌ను మధ్యవర్తిత్వమని చదివినవాడు, ఎవరో పెద్దమనిషి వచ్చి ఇరుపక్షముల వారిని బుజ్జగించునని తలచును. నిజమునకు అది ముగ్గురు సభ్యుల బోర్డు: ఉద్యోగుల పక్షము వారొకరు, ప్రభుత్వ పక్షము వారొకరు, స్వతంత్రుడైన అధ్యక్షుడు. ఒక తరగతి ఉద్యోగుల జీతభత్యములు, వారపు పనిగంటలు, సెలవు, వీనికే దాని పరిధి. ఒక్కని సొంత ఫిర్యాదు అక్కడికి పోదు. పార్లమెంటు సర్వాధికారమునకు లోబడి దాని నిర్ణయము ఉభయులను బంధించును. అట్టివారిని ‘తీర్పరులు’ అనుటయే సమంజసము. ‘తీరు’ నుండి పుట్టిన ఆ మాట మనకు ఎప్పటినుండియో కలదు. ‘మధ్యవర్తి’ని ఒప్పించువానికే విడిచిపెట్టవచ్చును.